పది రోజుల చుట్టాలు

మాది కోనసీమ. ఊరు దాటి, మురుగుకాలవ దాటితే మా పేట. పేట చివర ఒక్క గది బడి. మేష్టారు ఒక్కరే, తరగతులు ఐదు. ఊడుపులొస్తే పిల్లలం సగం మందిమి చేలల్లో, వానలొస్తే బడి నీళ్ళల్లో.

1969లో గాంధీగారి శతజయంతి ఏడు, 37 యూనివర్సిటీల్లో ఎన్నెస్సెస్ మొదలైంది. చదువుకునే కుర్రాళ్ళు ఊళ్ళకి రావడం అలా పెరిగింది. 80ల్లో ఒక కాలేజీ మా పేటలో పది రోజులు క్యాంపు పెట్టింది. పుంతకి మట్టి పోశారు. బడికి సున్నం కొట్టారు. శుభ్రత గురించి మాకు పాఠం చెప్పారు. మా చెంబుతో ఇచ్చిన మంచినీళ్ళు మాత్రం తాగలేదు. వంటా పడకా ఊళ్ళోనే. ఎన్నెస్సెస్ నినాదం "నేను కాదు, నీవు". ఆ 'నీవు'లో మేం ఉన్నామా?

మా అమ్మ ఒక్కటే అడిగింది: "బాబుగారండీ, సున్నం మా మగోళ్ళూ కొడతారండి. మా పిల్లోడికి లెక్కలు చెప్పేవోళ్ళెవరండీ?"

ఆ మాట ఒక్కడే విన్నాడు. హాస్టల్లో ఉండి బీయస్సీ చదివే మన కుర్రాడే. క్యాంపు ఎత్తేశాక కూడా ఆదివారం ఆదివారం సైకిలేసుకుని వచ్చేవాడు. అరుగుమీద కూచోబెట్టి భిన్నాలు చెప్పాడు. కోసి, నూర్చి, మోసిన ధాన్యంలో మనకొచ్చేది ఎన్నో వంతురా అని మాచేతే లెక్క కట్టించాడు. ఆ లెక్క ఇంట్లో చెబితే మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మర్సటేడు కళ్ళంలో కొలత దగ్గర నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. స్కాలర్‌షిప్పుకి ఏ కాగితం కావాలో, ఫారం ఎక్కడ ఇవ్వాలో కూడా ఆ అన్నే చెప్పాడు. నేను యూనివర్సిటీ గడప తొక్కింది ఆ ఆదివారాల బలంతోనే.

2006లో మా గోదావరి జిల్లాలకి నన్నయ యూనివర్సిటీ వచ్చింది. వాల్తేరు కన్నా రాజానగరం మాకు దగ్గరే. 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ వచ్చింది, కాలేజీలు ఊళ్ళని దత్తత తీసుకుంటున్నాయి. 2015 నించి బీఈడీ రెండేళ్ళయింది, అందులో 20 వారాలు బడిలో పనిచెయ్యాలి. దారులు లేవని ఎవరూ అనలేరు. అడగాల్సింది వేరే. దత్తత ఊరంటే పేట కూడానా? ఆ 20 వారాల మేష్టర్లు పట్నం బళ్ళకేనా, కాలవగట్టు బడికీ వస్తారా?

అసలు దత్తతేంటి? మేం అనాథలం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక ఈ డెల్టా అన్నపూర్ణ అయిందంటారు. ఆ అన్నం వెనక మా వెన్నుపూసలున్నాయి. మాకు కావాల్సింది దయ కాదు, వాటా. యూనివర్సిటీలోనూ వాటానే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇప్పుడు క్యాంపు ఏడు రోజులే. సర్టిఫికెట్టుకి ఆ ఏడూ చాలు. పిల్లోడికి చాలవు. ఒక్క బడి పట్టుకోండి. మా పిల్లలకి లెక్కలు చెప్పండి. వెళ్ళిన బడికే మళ్ళీ వెళ్ళండి.