నాలుగు, రెండు, మూడు, రెండు

"రేతిరి నుంచి నీళ్ల మాదిరి పారుతా ఉంది సార్. పాలు ఆపేసినాను."

అవ్వ పక్కకు తప్పుకుని డాక్టరుకు దారిచ్చింది. పుట్టి ఎనిమిది రోజులైన సీమ పెయ్యదూడ గోనెపట్టా మీద వాలిపోయి ఉంది. తోక, వెనక తొడలు పసుపచ్చగా తడిసిపోయాయి. డాక్టరు మెడ మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపి వదిలాడు. మడత నిలబడి, నింపాదిగా దిగింది. నోట్లో వేలు పెడితే చీకింది, నీరసంగా. చీకుతోందంటే ఇంకా ఆశ ఉన్నట్టే.

రాయల్పాడు కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, ఆంధ్ర అంచున ఉన్న తెలుగు పల్లె. కోలారు బంగారు గనులు 2001లో మూతబడ్డాయి. పాలు మాత్రం రెండు పూటలా డెయిరీకి పోతూనే ఉన్నాయి. అందుకే పెయ్యదూడ పారుకుంటే ఇంటిల్లిపాదీ లేస్తారు. కోడెదూడ కోసం డాక్టరుకు ఫోను రావడం అరుదు.

పేడ రంగు చూసి రోగం పేరు చెప్పేవాళ్లున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈయనా చెప్పేవాడు, ల్యాబ్ రిపోర్టులు రెండు మూడుసార్లు తప్పని తేల్చేదాకా. వయసు కొంత నయం: మొదటి నాలుగు రోజుల్లో అయితే ఈ.కోలై, ఆ తర్వాత రెండు వారాల లోపు రోటా, కరోనా, క్రిప్టోస్పోరిడియం. దూడల కరోనా 1970ల మొదట్లోనే బయటపడింది, మనుషుల కోవిడ్ వేరు. అయినా 2020 తర్వాత పశువుల కొట్టంలో ఆ మాటంటే జనం నాలుగడుగులు వెనక్కి వేస్తారు.

పారుడు మొదలైన ఒకటి రెండు రోజుల్లో పేడలో వైరస్ దండిగా ఉంటుంది. డాక్టరు చిన్న డబ్బాలో పట్టి, ఐస్ పెట్టెలో బెంగళూరు ల్యాబుకు పంపాడు. రోటా ఆర్‌ఎన్‌ఏ 11 ముక్కలు. జెల్‌లో కరెంటు పారిస్తే సైజు ప్రకారం విడిపోతాయి, వెండి రంగు అద్దితే గీతలుగా తేలతాయి. గ్రూప్-ఏ రోటా అయితే పైనుంచి నాలుగు, రెండు, మూడు, రెండు. కరోనాది ఒకటే పొడవాటి పోగు, ఈ నిచ్చెనలో కనబడదు. దానికి పీసీఆరో ఎలైజానో కావాలి. గీతలు లేవంటే వైరస్ లేదని కాదు.

రోటా వైరస్‌ను అమెరికాలోని నెబ్రాస్కాలో మీబస్ బృందం 1969లో దూడల్లో చూపింది. మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పసిపిల్లల్లో చూసింది 1973లో. బెంగళూరులో, జబ్బు లక్షణాలే లేని పసికందుల్లో దొరికిన ఐ321 అనే రోటాలో ఎక్కువ జన్యువులు ఆవులవే. హైదరాబాదు భారత్ బయోటెక్ చేసే రోటావాక్ చుక్కల మందులోని వైరస్‌లోనూ ఒక జన్యువు ఆవు రోటాదే. 2016లో ఆ మందు ముందుగా అందిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

రిపోర్టు కోసం దూడ ఆగదు కదా. ఉప్పు, వంట సోడా, గ్లూకోజు కలిపిన నీళ్లు పూటపూటకూ పట్టించాడు, ఆపిన పాలు మళ్లీ ఇప్పించాడు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని చెబితే అవ్వకు నచ్చలేదు. సూది వేయని డాక్టరు ఏం డాక్టరు?

రిపోర్టు రోటా అని వచ్చే వేళకు దూడ పలుపు లాగుతోంది. డాక్టరు అయినా వెళ్లాడు, ఇంకో ఆవు చూలుతో ఉంది మరి.

"ఈనిన రెండు గంటల్లో జున్నుపాలు తాగించినావా అవ్వా?"

"మాయ పడేదాక ఎట్ల తాగిస్తాం సార్? పడినాక కొంచెం తాగింది. మిగిలింది జున్ను కాసి వీధంతా పంచినాం. మీ ఇంటికీ గిన్నెడు పంపితిని గదా."

పంపింది. బెల్లం, యాలకులు సరిగ్గా పడ్డాయి.