రెండు లిపులు, మూడు కంప్యూటర్లు

వస్తువును కొనేముందు దాని ధరను విచారించడం లోకరీతి. దానివల్ల నెరవేరవలసిన పని ఏమిటని విచారించడం వివేకం. కంప్యూటరు విషయంలో మొదటిది అందరూ చేస్తారు, రెండవది చేసేవారు అరుదు. మా కళాశాల కార్యాలయానికి మూడు కంప్యూటర్లను ఎంపిక చేసే బాధ్యత సూపరింటెండెంటు గారితోను, ఉర్దూ శాఖవారితోను కలిసి మాపై పడింది. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి యంత్రాలతో ఏమి ప్రసక్తి అని మిత్రులు పరిహసించారు. పని ముగిసేసరికి అది చాలవరకు భాషకు సంబంధించిన పనే అని మాకు రూఢి అయింది.

పాత యంత్రాలు నడుస్తూనే ఉన్నాయి. అయితే విండోస్ 10కు ఇచ్చే మామూలు మద్దతును మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం కూడా కావాలి. మా పాతవాటిలో అది లేదు. విద్యార్థుల వివరాలు ఉండే యంత్రాలను రక్షణ లేకుండా ఇంటర్నెట్టుకు కలిపి ఉంచడం తగదు. కనుక కొత్తవి కొనక తప్పలేదు. పాతవాటిని దుకాణదారునికే ఇచ్చి ధర తగ్గించుకొందామని మొదట అందరమూ అనుకొన్నాము.

ఆ దినాలలోనే పూర్వ విద్యార్థిని ఒకరు తన తెలుగు ధ్రువపత్రం నకలు కోసం వచ్చారు. ఉద్యోగానికి పత్రాల పరిశీలన మర్నాడే. ఆమె ఫైలును వేరొక యంత్రంలో తెరవగా, పేరు ఉండవలసిన చోట ఆంగ్లాక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, కుండలీకరణాలు బారులు తీరి ఉన్నాయి. కారణం గ్రహించడం కష్టం కాదు. ఒకప్పటి తెలుగు ఫాంట్లలో ఆంగ్లాక్షరాల స్థానాలలోనే తెలుగు అక్షరాల బొమ్మలను అమర్చేవారు. ఆ ఫాంటు లేని యంత్రానికి అది తెలుగు అని తెలియదు. 1991లో వెలువడిన యూనికోడు తెలుగుకు ప్రత్యేకంగా 128 స్థానాలను కేటాయించింది. ఆ పద్ధతిలో వ్రాసినది ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే నిలుస్తుంది. కార్యాలయంలోని అన్నిటికంటె పాత యంత్రంలో ఆ ఫాంటు మిగిలి ఉండడంవల్ల ఆమెకు నకలు దక్కింది.

మా జగ్గయ్యపేట స్తూపం వద్ద దొరికిన ఆయక స్తంభ శాసనాలు ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరం నాటివి. ఆ స్తంభాలను నిలిపిన శిల్పి సిద్ధార్థుని పేరు సుమారు 1700 సంవత్సరాల తరువాత కూడా చదవవచ్చు. మేము నింపిన ఫైలులోని పేరు మాత్రం పదిహేనేళ్ళకే చదవరానిదైంది. అందుచేత ఆ పాత యంత్రాన్ని అమ్మరాదని, ఇంటర్నెట్టుకు కలపకుండా ఉంచి, అందులోని ఫైళ్ళను యూనికోడులోకి మార్చి, ఒక్కొక్క పేరును చేతివ్రాత రిజిస్టరుతో సరిచూడాలని నిశ్చయించాము.

ఇక ఉర్దూ సంగతి. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు వాలుగా, ఒకదానిపై ఒకటి ఒరుగుతూ నడుస్తాయి. అందుకే అచ్చుయంత్రాలు వచ్చిన తరువాత కూడా చాలాకాలం ఉర్దూ పత్రికలు కాతిబుల కలం మీదనే ఆధారపడ్డాయి. చెన్నైలో 1927లో స్థాపితమైన 'ముసల్మాన్' దినపత్రిక దశాబ్దాల తరబడి చేతివ్రాతతోనే వెలువడింది. మీర్జా అహ్మద్ జమీల్ 'నూరీ నస్తాలీఖ్' 1981లో కంప్యూటరుకు ఆ లిపి సొగసును తెచ్చింది. నేడు 'నోటో నస్తాలీఖ్' వంటి యూనికోడు ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. తెలుగులోను పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుల పేర్లు పెట్టుకొన్న ఉచిత ఫాంట్లు ఉన్నాయి.

తెలుగులో వ్రాసిన పేరును యంత్రమే ఉర్దూలోకి మార్చదా అని సూపరింటెండెంటు గారు ప్రశ్నించారు. జాకిర్, జైనబ్, రజియా, నాజిమ్ అనే నాలుగు పేర్లలోను మనకు కనిపించేది ఒకే 'జ'. ఉర్దూలో అవి వరుసగా జాల్, జే, జువాద్, జోయ్ అనే నాలుగు వేర్వేరు అక్షరాలు. "భాయ్, మీ తెలుగువారు నలుగురు అన్నదమ్ములను ఒకే చొక్కాలో దూర్చారు" అన్నారు ఉర్దూ ఉపన్యాసకులు నవ్వుతూ. ఆ నలుగురిలో ఎవరు ఎవరో చెప్పవలసినది యంత్రం కాదు, ఆ పేరు గలవారు. కనుక మూడు యంత్రాలలోను రెండు భాషల కీబోర్డులూ ఉండాలని వ్రాసుకొన్నాము.

పని ఏమిటో తేలిన తరువాత యంత్రం తేలికగానే తేలింది. ఉత్తరాలు, పట్టికలు, ధ్రువపత్రాలు వ్రాసే రెండింటికి 8 జీబీ ర్యామ్ చాలు. పత్రిక పుటలు కూర్చే మూడవదానికి 16 జీబీ. మూడింటికీ మధ్యరకం ప్రాసెసరు, తిరిగే భాగాలు లేని ఎస్సెస్డీ. ఆటలకు వాడే గ్రాఫిక్సు కార్డు అనవసరం. కంపెనీ కట్టి ఇచ్చిన పెట్టెకు మొత్తం మీద ఒకే వారంటీ ఉండడం సుఖమే. కాని కొన్ని చిన్న పెట్టెలలో విద్యుత్ సరఫరా చేసే ఎస్సెంపీఎస్ పోతే ఆ కంపెనీదే కావాలి. విజయవాడ మనకు 70, 80 కిలోమీటర్లు. ఒక్క భాగం కోసం అడ్మిషన్ల వేళ కార్యాలయం మూతపడకూడదు. అందువల్ల సాధారణ కొలతల భాగాలతో, మూడింటికీ ఒకే రకం మదర్‌బోర్డుతో కట్టించాము. ఒకటి మూలపడితే దాని భాగం వేరొకదానికి అక్కరకు వస్తుంది. ప్రతి భాగానికీ వేర్వేరుగా బిల్లు, వారంటీ కాగితం తీసుకొన్నాము.

మన మెట్ట ప్రాంతపు ఎండనూ, హైవే దుమ్మునూ మరువరాదు. పెట్టెలను నేలమీద గాక బల్లమీద ఉంచాము. గాలి చొచ్చే చోట జల్లెడ పెట్టించాము. కరెంటు పోయినప్పుడు వ్రాసినది భద్రపరచి ఆపేందుకు ఒక్కొక్కదానికి యూపీయస్ కొన్నాము. అన్నిటికంటె ముందు ఎలక్ట్రీషియను చేత ఎర్తింగును పరీక్ష చేయించాము. వేసవిలో ఆ గుంతకు నీరు పోయించడం అటెండరు గారి పనులలో చేరింది.

డబ్బు చెల్లించేముందు దుకాణంలోనే కూర్చుండి 'స్వాతంత్ర్యం', 'జ్యోత్స్న' అనే మాటలను, పైన చెప్పిన నాలుగు పేర్లను రెండు లిపులలోను టైపు చేసి ముద్రింపజేశాము. "స్పీడు చూడండి సార్, అక్షరాలదేముంది?" అన్నాడు దుకాణపు కుర్రవాడు. మాకు కావలసినవి అక్షరాలే అని చెప్పి, ఆ కాగితాన్ని బిల్లుతోపాటు ఫైలులో ఉంచాము.

విద్యార్థినీ విద్యార్థులకు ఒక మనవి. దరఖాస్తు నింపేటప్పుడు మీ పేరును తెలుగులోను, ఉర్దూలోను మీ చేతితోనే వ్రాసి ఇవ్వండి. పదవ తరగతి పత్రంలోని ఆంగ్ల వర్ణక్రమాన్ని దాని కింద చేర్చండి. గుమస్తాగారు టైపు చేసిన ప్రతిని అక్షరం అక్షరం చదివిన తరువాతనే సంతకం చేయండి.