ముందు కీ మొన చూడండి

2019 డిసెంబరు, శనివారం రాత్రి. పోర్ట్స్‌మత్‌లో మా వంటింటి బల్ల మీద అరచేయంత రేసు కారు వెల్లకిలా పడి ఉంది. తెల్లవారితే క్లబ్బులో మా అబ్బాయికి మొదటి పోటీ. వెనక ఎడమ చక్రం వంకరగా తిరుగుతోంది. ఊడదీద్దామంటే స్క్రూ కదలడం లేదు.

అది స్లాట్ కారు. ట్రాక్ మీది గాడిలో నడుస్తుంది, గాడికి అటూ ఇటూ ఉన్న లోహపు పట్టీల నుంచి మోటారుకు కరెంటు అందుతుంది. 1957లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ ఈ ఆటను స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో అమ్మకానికి తెచ్చాడు. అప్పట్లో ఆయన ఫ్యాక్టరీ ఉన్న హేవంట్ మాకు పక్క ఊరే.

మా కారుకు అల్యూమినియం చక్రాలు. 2.38 మిల్లీమీటర్ల ఇరుసును పట్టి ఉంచేది గ్రబ్ స్క్రూ. దానికి తల ఉండదు, చక్రం బొడ్డులోకి పూర్తిగా దిగిపోతుంది. లావు 2 మిల్లీమీటర్లు, మధ్యలో అలెన్ కీ దూరే ఆరు మూలల గుంట 0.9 మిల్లీమీటర్లు. కారు సెకండ్‌హ్యాండ్‌ది. పాత యజమాని మరల్లో జిగురు పోసినట్టున్నాడు.

కీ పెట్టి గట్టిగా తిప్పాను. మొన జారింది. ఇంకా గట్టిగా తిప్పాను. ఈసారి వేళ్లకి ఏ పట్టూ తగల్లేదు. గుంట మూలలు అరిగి గుండ్రమైపోయాయి. అబ్బాయి నా మొహం చూసి, "రేపు వెళ్లలేమా నాన్నా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్బై దాటాయి. ఫోన్ చేశాను. ఆయన చక్రం గురించి అడగలేదు. "ముందు నీ కీ మొన చూడు" అన్నారు. భూతద్దం కింద పెట్టి చూశాను. ఆరు అంచులూ అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా ఉన్నాయి. "ఎడమది వదిలెయ్. కుడిది తీస్తే ఇరుసు మొత్తం బయటికి వస్తుంది" అన్నారు. నాకు తట్టని సంగతి అది.

ఆయన చెబుతుంటే ఒక్కొక్కటీ చేసుకుంటూ పోయాను. వజ్రపు పొడి అతికిన చిన్న ఆకురాయితో కీ చివర రెండు మిల్లీమీటర్లు అడ్డంగా అరగదీశాను. లోపలి నుంచి కొత్త అంచులు పదునుగా బయటపడ్డాయి. కుడి చక్రం టైరు తీసేసి, సాల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ మీద ఆనించాను. వేడికి జిగురు మెత్తబడుతుంది. పైగా ఉక్కు కంటే అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి మరల పట్టు సడలుతుంది. తర్వాత కీని గుంట అడుగుదాకా దించి, నిటారుగా అదిమిపట్టి, ముందు వెంట్రుకవాసి బిగించి, ఆపైన వదులు చేశాను.

టిక్‌మని చిన్న చప్పుడు. స్క్రూ తిరిగింది. మరల్లోంచి తెల్లటి జిగురు పొడి రాలింది. ఇరుసు మీద, మోటారుతో కలిసే పళ్లచక్రం స్క్రూ తేలిగ్గానే వచ్చింది. ఎడమ చక్రంతో సహా ఇరుసు బయటికి జారింది. అప్పుడు అబ్బాయి వేసిన కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది.

పొద్దున్న పెద్దాయన తన డబ్బాలోంచి ఒక ఇరుసు, ఒక చక్రం తీసి ఇచ్చారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. అబ్బాయి పదకొండు మందిలో ఆరోవాడిగా వచ్చాడు. నేను పాడుచేసిన చక్రం ఇరుసుతో సహా నా పెట్టెలో ఉంది. పనికి కూర్చునే ముందు ఒకసారి దాన్ని చూసుకుంటాను.

చిన్న స్క్రూలతో పనిచేసే వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే. కీ మొదటిసారి జారగానే చెయ్యి ఆపండి, మొన చూడండి, అరిగితే సానబెట్టండి. రెండోసారి జారిందంటే గుంట పోతుంది. కీ మొన మళ్లీ వస్తుంది, గుంట రాదు.