ఓడినవాణ్ని భుజాన మోసిన ఊరు

ఫుట్‌బాల్ ఫైనల్లో జట్టు ఓడిపోతే గోల్‌కీపర్‌కి ఏం దక్కుతుంది? అభిమానులు తిట్టకపోతే అదే పదివేలు! స్పెయిన్‌లోని బిల్బావో జనం మాత్రం అలాంటి కీపర్ని భుజాలకెత్తుకున్నారు. 1966లో మాడ్రిడ్‌లో జరిగిన స్పానిష్ కప్ ఫైనల్ అది. జరగోజా చేతిలో 0-2 తేడాతో ఓడింది అత్లెటిక్ క్లబ్. ఆ రెండు గోల్స్ తప్ప ఇంకేవీ లోపలికి పోనివ్వకుండా ఒంటరి పోరాటం చేసిన కుర్రాడి పేరు హోసే ఆంగెల్ ఇరిబార్. ఆటగాడిగా, ఆనక కోచ్‌గా ఆయన గెలిచినవి తక్కువే. అయినా ఆ ఊరికి ఆయనంటే ఎందుకంత ప్రేమ? తెలియాలంటే బాస్క్ సీమకు వెళ్లాలి.

ఇసుకలో తొలి అడుగులు

స్పెయిన్‌కు ఉత్తరాన, సముద్రానికీ కొండలకూ నడుమ ఉంటుంది బాస్క్ ప్రాంతం. వీళ్ల భాషకు ప్రపంచంలో మరే భాషతోనూ చుట్టరికం తేలలేదు. బిల్బావో నుంచి తూర్పుగా తీరం వెంట వెళితే సరౌత్స్ అనే చిన్న పట్నం వస్తుంది. దాదాపు రెండున్నర కిలోమీటర్ల పొడవైన ఇసుక తీరం దాని సొత్తు. ఇప్పుడక్కడ అలల మీద సర్ఫింగ్ చేసే వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఆటుపోటుల లెక్క చూసుకుని, నీళ్లు వెనక్కి తగ్గగానే తడి ఇసుకలో బంతాట మొదలుపెట్టడం ఈ తీరంలోని పిల్లలకు పాత అలవాటు. ఇసుక మీద ఎంత దూకినా మోకాళ్లు చెక్కుకుపోవు. గోల్‌కీపర్‌కి అంతకన్నా మంచి బడి ఏముంటుంది!

1943లో ఇక్కడే పుట్టాడు ఇరిబార్. బిల్బావో పక్కనే ఉన్న పారిశ్రామిక పట్నం బసౌరిలోని బాస్కోనియా జట్టులో చేరాడు. 1962లో ఆ చిన్న జట్టు ఏకంగా అత్లెటికో మాడ్రిడ్‌నే కప్ నుంచి ఇంటికి పంపింది. దాంతో అత్లెటిక్ క్లబ్ కన్ను ఆ కుర్రాడి మీద పడింది. సన్నగా, పొడుగ్గా ఉండే అతణ్ని అందరూ ‘చోపో’ అనేవారు. అంటే పాప్లర్ చెట్టు! రెండేళ్లకే, 1964 యూరోపియన్ కప్ ఫైనల్లో స్పెయిన్ గోల్‌పోస్టు ముందు నిలబడ్డాడు. అవతలి కొసన సోవియట్ దిగ్గజం లెవ్ యాషిన్. స్పెయిన్ 2-1తో గెలిచింది. అప్పటికి ఇరిబార్ వయసు 21.

సింహాల గూడు

బిల్బావోలో మెట్రో దిగి పోసా వీధిలోకి మలుపు తిరిగితే చాలు, మ్యాచ్ రోజున ఇక దారి అడగనక్కర్లేదు. ఎరుపు తెలుపు చారల చొక్కాల వెంట నడిస్తే శాన్ మామెస్ స్టేడియం వచ్చేస్తుంది. సింహాలు సైతం ముట్టకుండా వదిలేసిన మామెస్ అనే సాధువు పేరే దీనికి పెట్టారు. అందుకే ఇక్కడి ఆటగాళ్లు ‘సింహాలు’. స్టేడియాన్ని అభిమానంగా ‘కేథడ్రల్’ అంటారు. 1913లో కట్టిన పాతదాన్ని 2013లో కూల్చి, ఆ పక్కనే కొత్తది కట్టారు.

ఈ క్లబ్‌కి ఓ పట్టుదల ఉంది. బాస్క్ నేల మీద పుట్టినవాళ్లో, అక్కడ ఆట నేర్చినవాళ్లో మాత్రమే జట్టులో ఆడాలి. కోట్లు పోసి బయటి నుంచి తారల్ని తెచ్చుకోవడం ఉండదు. ఆ పట్టుదలకు మూల్యంగా ఎన్నో కప్పులు వదులుకోవాల్సి వచ్చింది. అయినా 1929లో మొదలైన స్పానిష్ లీగ్‌లో పై అంచె నుంచి ఎన్నడూ కిందికి జారని జట్లు మూడే. రియల్ మాడ్రిడ్, బార్సిలోనాల సరసన మూడోది ఇదే!

అయిదు గోల్స్... ఒక జెండా

1976 డిసెంబరు 5. శాన్ సెబాస్టియన్‌లోని అతోచా మైదానం. నియంత ఫ్రాంకో చనిపోయి ఏడాది దాటినా బాస్క్ జెండా మీద నిషేధం తొలగలేదు. ఇరు జట్ల కెప్టెన్లు ఇరిబార్, రియల్ సొసియెడాడ్‌కు చెందిన కోర్తబర్రియా ఆ జెండాను చెరో వైపు పట్టుకుని మైదానంలోకి నడిచారు. ఆ రోజు ఇరిబార్ జట్టు 0-5తో చిత్తయింది. కానీ స్కోరు ఎంతమందికి గుర్తుందో గానీ, జెండాను మాత్రం ఎవరూ మరచిపోలేదు.

మరుసటి ఏడాది మరీ చేదు. 1977 మేలో యుయెఫా కప్ ఫైనల్. యువెంటస్‌తో రెండు మ్యాచ్‌లూ కలిపి స్కోరు సమమైంది. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్ లెక్కలో కప్పు చేజారింది. జూన్‌లో స్పానిష్ కప్ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది. ఇరిబార్ కొట్టిన ఆఖరి బంతిని బెటిస్ కీపర్ ఎస్నావోలా ఆపేశాడు. అతనూ బాస్క్ బిడ్డే!

కోచ్ కుర్చీలో...

18 సీజన్లు, 614 మ్యాచ్‌లు, రెండు స్పానిష్ కప్పులు, ఒక్క లీగ్ టైటిలూ లేదు. ఆ లెక్కతో 1980లో ఆట ముగించాడు ఇరిబార్. తర్వాత క్లబ్ కుర్రాళ్ల జట్టుకు కోచ్ అయ్యాడు. 1983-84లో వాళ్లు రెండో అంచె లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు. 1986లో ప్రధాన జట్టు పగ్గాలు దక్కాయి. అక్కడ మాత్రం కలిసిరాలేదు. జట్టు 13వ స్థానంతో సరిపెట్టుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ కుర్చీ ఇంగ్లండ్‌కు చెందిన హోవర్డ్ కెండాల్‌ది అయింది.

అయినా ఇరిబార్ ఎక్కడికీ పోలేదు. పెద్ద టోర్నీల్లో ఆడే అర్హతే లేని బాస్క్ ప్రాంత జట్టుకు రెండు దశాబ్దాలకు పైగా కోచ్‌గా ఉన్నాడు. వాళ్లవన్నీ స్నేహపూర్వక మ్యాచ్‌లే. గెలిచినా కప్పు రాదు. సొంత రంగుల చొక్కా వేసుకునే అవకాశం వస్తుంది, అంతే.

బిల్బావో శివార్లలోని లెసామాలో క్లబ్ శిక్షణ కేంద్రం ఉంది. పాత శాన్ మామెస్ పైకప్పును మోసిన ఉక్కు తోరణాన్ని తెచ్చి అక్కడ నిలబెట్టారు. దాని నీడలోనే కొత్త కుర్రాళ్లు బంతి కోసం దూకుతుంటారు. 2024 ఏప్రిల్‌లో, 40 ఏళ్ల తర్వాత, స్పానిష్ కప్ మళ్లీ ఆ ఊరికొచ్చింది. పడవెక్కిన ఆటగాళ్లను చూడటానికి నెర్వియోన్ నది రెండు గట్లూ జనంతో నిండిపోయాయి.

గెలిచినప్పుడు ఊరేగించడం ఏ ఊరైనా చేస్తుంది. ఓడినవాణ్ని మోసిన భుజాలు మాత్రం బిల్బావోవి!