ఏటి అవతల నాలుగు గంటలు

అమరచింత... పేరు వినగానే పాలమూరు పెద్దలకు సంస్థానం గుర్తొస్తుంది. ఆడవాళ్లకు చీరలు గుర్తొస్తాయి. గద్వాల చీర అని మనం మురిపెంగా కొనుక్కునేవాటిలో కొన్ని ఇక్కడి మగ్గాల మీద నేసినవే. నూలు చీరకు పట్టు అంచును నేతలోనే కలిపేయడం వాటి ప్రత్యేకత. ఆ రెండు దారాలూ కలిసేచోటే నేతగాడి చూపు ఎక్కువసేపు నిలుస్తుంది. అక్కడ పట్టు సడలితే పడిన కష్టమంతా వృథా.

కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకునేవారి చేతిలోనూ అలాంటి అతుకు ఒకటుంటుంది. మణికట్టు దగ్గరో మోచేతి మడత దగ్గరో ధమనినీ సిరనూ కలిపి కుట్టేస్తారు. దాన్నే ఫిస్టులా అంటారు. న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, సిమినో, అపెల్ 1966లో ఈ పద్ధతిని లోకానికి చెప్పారు. ధమనిలోని రక్తం నేరుగా రావడంతో సిర కొన్ని వారాల్లో లావెక్కి, లావుపాటి సూదులకు తట్టుకునేలా తయారవుతుంది. వేలు ఆనిస్తే లోపల జివ్వుమంటూ ఉంటుంది. ఆ జివ్వుమనడం ఆగిపోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. అదే చోట రక్తం బయటికొస్తే మాత్రం... ఆసుపత్రికి చేరేదాకా కూడా ఆగకూడదు.

ఆనకట్ట మీద ప్రయాణం

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అమరచింత వనపర్తి జిల్లాలోకి వెళ్లింది. కృష్ణ అవతలి గద్వాల వేరే జిల్లా అయింది. పటం మీద గీత పడింది గానీ జనం రాకపోకలు మారలేదు. డయాలసిస్‌కు కొందరు వనపర్తి వెళ్తే, కొందరు జూరాల ఆనకట్ట మీదుగా గద్వాల దారి పడతారు.

చూడటానికి చక్కని దారి. దగ్గర్లోనే గుట్టమీద చంద్రగఢ్ కోట. ఆనకట్టకు ఒకపక్క కనుచూపుమేర నీళ్లు. వానాకాలంలో గేట్లెత్తితే నురగలు చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. రోడ్డు పక్కన వేయించే జూరాల చేపల వాసన బస్సులోకి వస్తుంది. తొమ్మిదిన్నర టీఎంసీలు పట్టే ఆ జలాశయాన్ని దాటేటప్పుడు డయాలసిస్ రోగి ఏమనుకుంటాడో! రోజంతటికీ ఆయనకు డాక్టరు రాసిచ్చిన నీళ్లు కొన్ని గ్లాసులే.

మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ప్రభుత్వ కేంద్రాల్లో ఇది ఉచితం. తెలంగాణలో డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను 2022లో మొదలైంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్టు ఖర్చు కూడా లేదు. మిగిలింది ఒంట్లో ఓపిక, తోడు వచ్చే మనిషి కూలి.

రెండు వైపులా మెత్తబడే రక్తం

రక్తం శరీరం వదిలి ప్లాస్టిక్ గొట్టాల్లోకి వెళ్లగానే గడ్డకట్టాలని చూస్తుంది. గడ్డకడితే ఫిల్టరు మూసుకుపోతుంది. అందుకే హెపారిన్ అనే మందు ఇస్తారు. సూదులు తీశాక కూడా దాని ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. అంటే రోగి బస్సెక్కి ఆనకట్ట దాటే సమయానికి ఇంకా ఒంట్లోనే ఉండొచ్చు.

ఇది ఒకవైపు. రెండోది జబ్బులోనే ఉంది. గాయం పడితే రక్తాన్ని ఆపడానికి ముందు పరుగెత్తేవి ప్లేట్‌లెట్లు. కిడ్నీలు వడపోయలేక మిగిలిపోయిన విషపదార్థాల వల్ల అవి ఒకదానికొకటి సరిగా అతుక్కోవు. రక్తపరీక్ష కాగితంలో లెక్క రెండు లక్షలని కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. లెక్క సరే, పనే సరిగా జరగదు! రక్తహీనత దీనికి తోడు. ఎర్రకణాలు తగినన్ని ఉంటేనే ప్లేట్‌లెట్లు రక్తనాళం గోడ వైపు నెట్టుకుపోతాయి. హిమోగ్లోబిన్ కోసం ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షను ఆ విధంగానూ మేలు చేస్తుంది.

కార్తీకంలో కురుమూర్తి జాతరకు బస్సులు కిటకిటలాడతాయి. ఇంట్లో పెళ్లి ఉంటుంది. వాన ఆగదు. ‘ఈ ఒక్కసారికి మానేద్దాం’ అనిపిస్తుంది. మానేస్తే ఒంట్లో నీరు చేరడం, ఆయాసం అందరికీ తెలిసినవే. రక్తం కారే గుణం పెరుగుతుందన్నది చాలామందికి తెలియదు. డయాలసిస్ సరిగా జరిగితేనే ప్లేట్‌లెట్ల పనితీరు కొంతైనా బాగుపడుతుంది.

సూదులు తీశాక ఆ చోట పదిహేను నిమిషాల వరకూ నొక్కి పట్టుకోవాల్సి రావొచ్చు. రెండు నిమిషాలకోసారి ఎత్తి చూస్తే మళ్లీ మొదటికే. బస్సు తప్పిపోతుందని లేవడం మంచిది కాదు. ఆ చేత్తో బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడకూడదు, సంచీ తగిలించుకోకూడదు, బిగుతు గాజులు వేసుకోకూడదు. బీపీ కూడా రెండో చేతికే చూడమనాలి.

అర్ధరాత్రి వేళ

ఫిస్టులా తెగి రక్తం చిమ్మడం అరుదు. జరిగితే మాత్రం నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. అందులో నిమిషానికి అర లీటరు నుంచి లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రక్తం పారుతుంటుంది. మనిషి ఒంట్లో ఉండేదే సుమారు ఐదు లీటర్లు. కంగారులో దుప్పటో తువ్వాలో చుట్టేస్తారు. అది రక్తం పీల్చుకుంటుంది తప్ప ఆపదు. రక్తం వచ్చే కంతపైనే చిన్న గుడ్డ మడత పెట్టి, వేళ్లతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పడుకోబెట్టాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆ వేళ్లు తీయకూడదు. ఆ పని భార్య చేయగలదు, పదో తరగతి పిల్లాడూ చేయగలడు. ముందే ఒకసారి చూపించి ఉంచాలంతే.

చాలాసార్లు ముందస్తు సూచనలు ఉంటాయి. సూది గుచ్చినచోట పొక్కు మానదు. చర్మం పలచబడి నిగనిగలాడుతుంది. ఉబ్బు పెరుగుతుంది, ఎర్రబడుతుంది, చీము పడుతుంది. రెండు చుక్కల రక్తం వచ్చి ఆగిపోయినా సరే, తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా చూపించాలి.

కంటికి కనిపించని రక్తస్రావం ఇంకొకటి. రోజంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చునేవారికి నడుం నొప్పి కొత్తకాదు. మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్ర అడిగి మింగడమూ కొత్తకాదు. డయాలసిస్ రోగికి ఆ మాత్రతో కడుపులో పుండు పడి రక్తం కారొచ్చు. తారులా నల్లటి విరేచనం దాని గుర్తు. కండకు వేసే సూదితోనూ లోపల రక్తం గడ్డకట్టొచ్చు కాబట్టి, ఊళ్లో ‘ఒక సూదేయి’ అని అడిగే అలవాటూ మానుకోవాలి. జారిపడి తలకు దెబ్బ తగిలితే, అప్పటికి బాగానే ఉన్నా, తలనొప్పీ మత్తూ రోజుల తర్వాత బయటపడొచ్చు. పన్ను పీకించుకునేముందు దంత వైద్యుడికి డయాలసిస్ సంగతి చెప్పాలి, అది లేని రోజు చూసుకోవాలి. ఆపరేషన్ ఉందంటే హెపారిన్ లేకుండానో బాగా తగ్గించో డయాలసిస్ చేసే వీలుంది. గుండె కోసం వాడుతున్న ఆస్పిరిన్ లాంటివి మాత్రం భయపడి సొంతంగా ఆపేయకూడదు.

సాయంత్రం బస్సు ఆనకట్ట దాటి ఇవతలికి వస్తుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న మనిషి పట్టీ వైపు ఓసారి చూసుకుంటాడు. తెల్లగానే ఉంది. ఊళ్లో దిగేసరికి దీపాలు పెట్టేస్తారు. ఎల్లుండి మళ్లీ పొద్దున్నే బయల్దేరాలి.