మోటారు బాగానే ఉంది

హ్యూస్టన్ తెలుగువాళ్ళలో గాలం పిచ్చి ఉన్నవాళ్ళకి గాల్వెస్టన్ బే కొత్త కాదు. అంత పెద్ద బేలోనూ చాలాచోట్ల లోతు మనిషి నిలువుకి అటూఇటూ. పడవ వెనక వేలాడే ఇంజను పైకి లేవకపోతే, లోతు ఇంకా తగ్గే చోట ప్రొపెల్లర్ బురద దున్నుతుంది. పడవని ట్రెయిలర్ మీదికి ఎక్కించేటప్పుడు ఇంజను అడుగుభాగం ర్యాంపు సిమెంటుకి గీసుకుంటుంది. కాకినాడ వైపు ఫైబర్ పడవల మీద చిన్న ఇంజన్లని చేత్తోనే లేపేస్తారు. నాది 150 హార్స్‌పవర్‌ది, 200 కిలోల పైమాటే. దాన్ని ఎత్తడానికి టిల్ట్ మోటారు, హైడ్రాలిక్ పంపు ఉండాల్సిందే.

నా సెకండ్‌హ్యాండ్ పడవకి ఓ జబ్బు వచ్చింది. బటన్ నొక్కితే ఇంజను దిగుతుంది, పైకి మాత్రం రాదు. మోటారుకి కరెంటు మళ్ళించే రిలే టక్‌మంటుంది, ఆ తర్వాత మోటారు చప్పుడే ఉండదు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివానన్న గీర ఒకటి ఉంది కదా, మెకానిక్‌ని పిలవడం నామోషీ అనిపించింది. మీటరు ఎర్ర కొన మోటారుకి వెళ్ళే నీలం తీగకి, నల్ల కొన ఇంజను బాడీకి ఆనించి పైకి బటన్ నొక్కాను. 12 వోల్టులు దాటి చూపించింది. కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు, కాబట్టి మోటారు పోయిందని తేల్చేశాను. పంపుతో సహా కొత్తది తెప్పించాను. వందల డాలర్లు వదిలాయి. దాంతోనూ ఇంజను దిగింది, లేవలేదు.

కిందికి తిరుగుతున్న మోటారు చచ్చిపోయిందని ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఇలాంటి టిల్ట్ మోటార్లలో చాలావాటికి రెండే తీగలు, నీలం, ఆకుపచ్చ. నీలానికి పాజిటివ్ అందితే పైకి, ఆకుపచ్చకి అందితే కిందికి. అసలు కిటుకు రిలేల్లో ఉంది. పైకి ఒకటి, కిందికి ఒకటి. ఊరికే ఉన్నప్పుడు రెండూ తమ తమ తీగల్ని నెగెటివ్‌కి కలిపి ఉంచుతాయి. పైకి బటన్ నొక్కితే పైకి రిలే నీలాన్ని బ్యాటరీ పాజిటివ్‌కి మారుస్తుంది. ఆ కరెంటు మోటారు దాటి, ఆకుపచ్చ తీగ మీదుగా, కదలకుండా కూర్చున్న కిందికి రిలేలోంచే నెగెటివ్‌కి చేరాలి. అంటే పైకి లేవకపోవడానికి కారణం కిందికి రిలే కూడా కావచ్చు! నేను నల్ల కొనని బాడీకి పెట్టడంతో, సగం దారినే పరీక్షించి ఊరుకున్నట్టయింది.

పోనీ రెండు తీగల మధ్యే మీటరు పెట్టినా, మోటారు ప్లగ్గు విప్పేసి చూస్తే మోసపోయేవాణ్ణే. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. చిలుము పట్టిన కాంటాక్టులో పదోవంతు ఓమ్ అడ్డు ఉన్నా నిండు వోల్టేజీయే కనిపిస్తుంది. మోటారు 40 ఆంపియర్లు లాగబోతే మాత్రం ఆ పదోవంతు ఓమే 4 వోల్టులు మింగేస్తుంది. అందుకే ప్లగ్గు కలిపి ఉంచి, బటన్ నొక్కి పట్టుకుని, ఆకుపచ్చ తీగకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య చూశాను. దాదాపు సున్నా ఉండాల్సిన చోట 9 వోల్టులు దాటింది. కిందికి రిలే విప్పితే లోపల ఉప్పుగాలి పచ్చగా చిలుము పట్టించి ఉంది.

మీకూ ఇలాగే అయితే, రెండు రిలేలూ ఒకే రకానివేమో చూసి, ముందు వాటి స్థానాలు మార్చండి. జబ్బు పైకి నుంచి కిందికి మారితే దోషం రిలేదే, పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. మారకపోతే నెగెటివ్ తీగల బోల్టులు విప్పి, గీకి, బిగించండి. మోటారు మీదే అనుమానం ఉంటే బ్యాటరీ నుంచి నేరుగా దాని తీగలకి కరెంటిచ్చి రెండు వైపులా తిప్పి చూడండి. అక్కడ నిప్పురవ్వ లేస్తుంది, పెట్రోలు వాసన ఉంటే ఆ పని వద్దు. ఇంజను పైకి లేచాక లాక్ వెయ్యకుండా దాని కింద చెయ్యి పెట్టకండి.