విమానాశ్రయపు వాకిట

పాలమూరు నుండి, నల్లగొండ నుండి శంషాబాదుకు పోయే దారులు మనలో చాలామందికి కొత్తవి కావు. ఒకప్పుడు పాలమూరు కూలీలు సద్దిమూటలు కట్టుకొని, లారీలెక్కి దూరదేశాల ఆనకట్టల పనులకు పోయేవారు. ఇప్పుడు అవే ఇండ్ల పిల్లలు పాస్‌పోర్టు చేతబట్టుకొని దుబాయికి, కువైటుకు, సౌదీకి బయలుదేరుచున్నారు. మూట పోయి సూట్‌కేసు వచ్చినది. సాగనంపే కన్నీళ్ళు మాత్రం అవే.

మహబూబ్‌నగర్ వైపు వారు జడ్చర్ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని వస్తారు. జడ్చర్ల అనగానే మెన్నొనైట్ బ్రెదరన్ ఆసుపత్రి గుర్తుకు రాని విశ్వాసుల ఇల్లు ఆ ప్రాంతంలో అరుదు. బాలానగర్, షాద్‌నగర్, కొత్తూరు దాటితే శంషాబాదే. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు షాద్‌నగర్ కూడా మన మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఇప్పుడది రంగారెడ్డి జిల్లా. కల్వకుర్తి వారికి కడ్తాల్, తుక్కుగూడ దారి ఉన్నది. దేవరకొండ వారు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వస్తారు. నల్లగొండ వారు నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట వద్ద బాహ్యవలయ రహదారి ఎక్కితే నగరంలోని రద్దీ తగలకుండా నేరుగా వచ్చి పడతారు. రాళ్ళ గుట్టలు, సీతాఫలం చెట్లు, ఎండిన చెరువులు, వాటి నడుమ ఎక్కడ చూసినా ప్లాట్ల హద్దురాళ్ళు! ఈ హద్దురాళ్ళ సంగతి వేరే వ్యాసానికే సరిపోతుంది.

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చి 14న ప్రారంభోత్సవం జరుపుకొని, అదే నెల 23 నుండి పని మొదలుపెట్టినది. అంతకు ముందు మనవారు బేగంపేటకు వెళ్ళేవారు. కొత్తదానిలో బయలుదేరేవారికి పై అంతస్తున ర్యాంపు, దిగి వచ్చేవారికి కింద దారి. పైకి పోయే ర్యాంపు మీద రాత్రి రెండు గంటలకు కూడా జీపులు, కార్లు వరుసగా నిలిచి ఉంటాయి. టికెట్టు లేనివారిని ద్వారం దగ్గర పారిశ్రామిక భద్రతా దళం వారు ఆపుతారు. కాబట్టి వీడ్కోలంతా ఆ రోడ్డు పక్కనే జరగాలి.

మన పద్ధతి తెలిసినదే. పోయేది ఒక్కడు, సాగనంపేది పదిమంది. అయ్యగారు ప్రార్థన చేయాలి, తల్లి నుదురు ముద్దుపెట్టుకోవాలి, ముసలమ్మ కొంగుముడి విప్పి 100 రూపాయలు చేతిలో పెట్టాలి. విమానాశ్రయాల వారేమో బండి ఆపడానికి కొన్ని నిమిషాలే ఇస్తారు. అది అన్యాయమని మేము అనము. ఒక్కొక్క బండి అరగంట నిలిస్తే వెనుక వచ్చేవాడి విమానం తప్పిపోతుంది. వీడ్కోలు, ప్రార్థన పార్కింగు స్థలంలోనే ముగించుకొని, బండి పైకి వచ్చినప్పుడు సామాను మాత్రం దించడం మంచిది. ఒక్కడే పోయేవాడైతే శంషాబాదుకు నగరం నుండి ఆర్టీసీ వారి పుష్పక్ బస్సులున్నవి.

అయితే ఆ నిమిషాల పేరు చెప్పి బండిని క్రేనుతో ఎత్తుకుపోయి డబ్బు అడిగేవారు ఎదురైతే ఏమి చేయాలి? మా అక్క కొడుకును కువైటుకు పంపేటప్పుడు మేమే ఇందులో చిక్కుకున్నాము. ఏజెంటు ఇచ్చిన టికెట్టు శంషాబాదు నుండి కాదు, పొరుగు రాష్ట్రంలోని ఒక విమానాశ్రయం నుండి. దాని పేరు ఇక్కడ రాయము. మా ఊరి పొరుగింటి తమ్ముడి బొలెరోలో వెళ్ళినాము. ఆ బండి కిరాయిల మీదనే అతని ఇల్లు గడుస్తుంది. పిల్లవాడు లోపలికి పోగానే మా అక్కకు కళ్ళు తిరిగినవి. తమ్ముడు బండి దిగి, ఆమెను పట్టుకొని నాలుగడుగుల దూరంలో ఉన్న బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించినాడు. వెనుదిరిగి చూసేసరికి బండి లేదు.

“అన్నా, బండి ఏడ వోయింది?” అని అతడు అడిగిన గొంతు మాకింకా వినిపిస్తుంది. అప్పు తీరని బండి అది.

వెదకగా వెదకగా వెనుకనున్న రేకుల కంచెలో కనిపించినది. ఇద్దరు కుర్రవాళ్ళు రసీదు పుస్తకం పెట్టుకొని కూర్చున్నారు. ఎత్తినందుకు 1,500, జరిమానా 900, మొత్తం 2,400 రూపాయలట. ఆలస్యమైతే గంట గంటకు పెరుగుతుందట. అక్కడ పోలీసు లేడు. మా బావగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కోపపడలేదు. “బాబూ, ఈ బండి తీయమని చెప్పిన పోలీసాయన ఎవరు? ఆయన పేరు ఈ రసీదు మీద రాయి” అన్నారు. “మాకు కాంట్రాక్టు ఉంది సార్” అన్నారు వాళ్ళు. “కాంట్రాక్టు మీకూ మీ యజమానికీ. మాకు చట్టం చెప్పు నాయనా” అన్నారు బావగారు.

ఆయన అడిగినది ఊరకే అడిగినది కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 127వ సెక్షను ఈ విషయమే చెప్పుచున్నది. బహిరంగ స్థలంలో 10 గంటలు లేదా అంతకు మించి వదిలివేసిన బండినిగాని, చట్టప్రకారం నిషేధించిన చోట నిలిపిన బండినిగాని తొలగించడానికి, చక్రానికి తాళం వేయడానికి, ఆ ప్రాంతంపై అధికారమున్న యూనిఫాంలోని పోలీసు అధికారి అనుమతి ఇవ్వవచ్చును. వదిలేసిన బండి రాకపోకలకు ప్రమాదకరంగా ఉంటే వెంటనే తీయించవచ్చును. అలా తీసినప్పుడు ఆ ఖర్చు యజమానిదే, వేరే జరిమానా ఉంటే అదీ కట్టవలసిందే. కనుక బండి ఎత్తడమే నేరమని వాదించడం తగదు. కాని ఆ సెక్షనులో అనుమతి ఇచ్చేది పోలీసు; క్రేను వాడు కాదు. ఆ చట్టంలో బహిరంగ స్థలమంటే ప్రజలకు ప్రవేశహక్కు ఉన్న రోడ్డుగాని, దారిగాని, మరే స్థలమైనాగాని. మా స్థలం, మా నియమం అని వారంటే, ఆ నియమమేదో, ఆ రేటు ఏ బోర్డు మీద రాసి ఉన్నదో చూపమని అడగవలెను.

గంటలు గడిస్తే సొమ్ము పెరుగుతుందని మేము డబ్బు కట్టినాము. లోపలి నుండి పిల్లవాడు ఫోను మీద ఫోను, “బండి దొరికిందా మామా?” అని. వాడి ప్రయాణం ఈ దిగులుతో సాగకూడదని కూడా కట్టినాము. అయితే బావగారు రసీదు రెండు కాపీల మీద “అభ్యంతరంతో చెల్లించినది” అని రాసి, తేదీ, సమయం వేసి, సంతకం చేసినారు. బండి నిలిపిన చోటును, అక్కడి బోర్డులను, క్రేను నంబరును ఫోటోలు తీయించినారు. బండి బయటికి తీయకముందే చుట్టూ తిరిగి చూసి, ముందు బంపరు మీద కొత్తగా పడిన గీతను కూడా తీయించినారు. తరువాత విమానాశ్రయపు పోలీస్ స్టేషనుకు వెళ్ళి, ఈ బండిని తీయమని ఎవరైనా ఆదేశించారా అని కాగితం మీద అడిగి, అందినట్లు ముద్ర వేయించుకొన్నారు. మేము ఆ రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుజామున ఊరు చేరినాము.

ఇంటికి వచ్చాక విమానాశ్రయపు మేనేజరుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం వెళ్ళినది. అందులో తిట్లు లేవు, ప్రశ్నలే. అనుమతి ఇచ్చిన అధికారి ఎవరు? బండి ఎంతసేపు నిలిచినది, దానికి కెమెరా రికార్డు ఉన్నదా? 900 రూపాయల జరిమానా వేసే అధికారం ఒక ప్రైవేటు కాంట్రాక్టరుకు ఎవరిచ్చారు? 30 రోజులలో జవాబు రానిచో వినియోగదారుల కమిషనుకు వెళ్తామని చివర రాసినారు.

ఈ కమిషను గురించి మన పల్లెలలో ఇంకా తెలియవలసినది చాలా ఉన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చినది. దాని ప్రకారం ఫిర్యాదు చేసేవాడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. సొమ్ము తీసుకొన్నది ఏ రాష్ట్రంలోనైనా సరే, నల్లగొండ వాడు నల్లగొండలో, మహబూబ్‌నగర్ వాడు మహబూబ్‌నగర్‌లో వేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు లేకుండా తానే మాట్లాడుకోవచ్చును. గడువు 2 సంవత్సరాలు. ముందుగా ఫోనులో సలహా కావాలంటే 1915 నంబరున్నది. మునుపైతే డబ్బు తీసుకొన్నవాడి ఊరికే పోవలసి వచ్చేది, బస్సు చార్జీలకే ఆశ చచ్చేది.

ఉత్తరం వెళ్ళిన నెలాపదిహేను రోజులకు జవాబు వచ్చినది. జరిమానా 900 తిరిగి ఇస్తామని, క్రేను ఖర్చు మాత్రం న్యాయమేనని. బావగారు రెండవ ఉత్తరం రాసినారు. పోలీసు అనుమతి కాగితం నకలు పంపండి, పంపితే 1,500 మాట మరి ఎత్తము అని. నకలు రాలేదు. మూడు వారాలకు 1,500 వచ్చినది, క్షమాపణ మాట ఒక్కటీ లేకుండా. మొత్తం 2,400 తమ్ముడి చేతిలో పెట్టినాము, ఆ రోజు కట్టినది అతని జేబు నుండే కాబట్టి. బంపరు గీతకు షాద్‌నగర్ మెకానిక్కు 600 తీసుకొన్నాడు. ఆ సంగతి ఉత్తరంలో రాసినా ఎవరూ పట్టించుకోలేదు, దానికోసం ఇంకొక ఉత్తరం రాయవద్దని తమ్ముడే అన్నాడు. బావగారు మాత్రం ఫోటో దాచి ఉంచినారు.